వానాకాలంలో ఇసుక బూట్లు

నేను రెండు చోట్ల ఇనుము పని చేస్తాను. ఒకటి రాప్తాడులో హైవే పక్కనున్న వెల్డింగ్ అంగడిలో. ఇంకోటి కూడా అక్కడే, అదే స్టూలు మీద, పని లేనప్పుడు, ఫోన్‌లో.

ఆ ఫోన్‌లో ఒక రాజ్యం ఉంది. ఎక్కడెక్కడి జనమో అందులో కత్తులు పట్టుకుని రాక్షసుల మీదికి పోతుంటారు. నేను పోను. పోయేవాళ్ళకు కత్తులు, డాళ్ళు, బూట్లు చేసి అమ్ముతాను. యుద్ధానికి పోయినవాడు తిరిగొస్తాడో లేదో చెప్పలేం గానీ, పోయేముందు బూట్లయితే కొంటాడు. తొమ్మిదో తరగతిలో బడీ నేనూ విడిపోయాం. ఎవరు ఎవరిని వదిలేశారో ఇప్పటికీ తేలలేదు. ఈ బూట్ల లెక్క మాత్రం ఏ అయ్యవారూ చెప్పకుండానే అర్థమైంది.

పని కష్టమేమీ కాదు. సంతలో ఇనుము చౌకగా ఉన్నప్పుడు కొని పెట్టుకోవాలి. తోలు తెచ్చుకోవాలి. కొలిమిలో పెట్టి కొట్టాలి. ఖర్చు మీద నాలుగు నాణేలు వేసి అమ్మాలి. ఆ నాణేలు అక్కడే చెల్లుతాయి, ఇక్కడ వాటితో టీ కూడా రాదు. అయినా ఎందుకు చేస్తానంటే, రాజధాని కోట గుమ్మం పక్కన నాకొక అంగడి దొరికింది. పైన బోర్డు, బోర్డు మీద నా పేరు. ఈ లోకంలో నా పేరున్న బోర్డు అదొక్కటే. దానికి ఒక షరతు ఉంది. వారం రోజుల పాటు ఒక్క సరుకూ అమ్ముడుపోకపోతే ఆ అంగడి ఇంకొకరికి పోతుంది.

మా వెల్డింగ్ అంగడి యజమానిని నేను భాయ్ అంటాను. నాకంటే చాలా పెద్దవాడు. మొదట్లో ఫోన్ చూస్తే తిట్టేవాడు. తర్వాత తిట్టడానికని పక్కన కూర్చుని, చూడటం మొదలుపెట్టాడు.

"ఆడ ఇనుము కాలితే వాసన వస్తాదా?"

"రాదు భాయ్."

"మరి కాలిందని ఎట్ల తెలుస్తాదప్పా?"

"గంట మోగుతాది."

"మన అంగట్లో గూడా ఒగటి పెట్టిస్తాలే. నువ్వు నిద్ర లేస్తావు."

ఒకరోజు ఆ రాజ్యంలో చాటింపు వేశారు. వచ్చే వారం నుంచి వానలు, ఇసుక దారులన్నీ బురదవుతాయి, బురద బూట్లు లేకపోతే అడుగు కదలదు అని. చాటింపు విన్న కమ్మరులందరూ బురద బూట్ల మీద పడ్డారు. అప్పటిదాకా ఇసుక దారుల్లో తొడుక్కున్న ఇసుక బూట్లు చేసేవాడే లేడు. నాకు నవ్వొచ్చింది.

ఎందుకో చెప్పాలి. మా దగ్గర వాన పడకముందు ఎవడూ గొర్రు బాగుచేయించుకోడు. విత్తనం వేసే గొర్రు విరిగి ఏడాదిగా చూరు కింద పడున్నా సరే, మబ్బు పట్టినా సరే, రేడియోలో చెప్పినా సరే, తేడు. పొలం తడిసిన మర్నాడు మాత్రం ఊరు ఊరంతా గొర్రులు మోసుకొచ్చి "ఇప్పుడే కావాల" అని భాయ్ మెడ మీద కూర్చుంటుంది. ముందే తెచ్చి బాగుచేయించుకున్నవాడు ఒకడుంటే, వాన రాని ఏడాది వాణ్ణి చూసి పిల్లలు కూడా నవ్వుతారు. ఇలాంటి చోట పుట్టినవాడు వాన వస్తుందని చాటింపు వేస్తే నమ్ముతాడా? ఉన్న ఇనుమంతా పెట్టి ఇసుక బూట్లు చేశాను. వాన ఎగ్గొడుతుంది, అందరూ నా గుమ్మానికే వస్తారు అనుకున్నాను.

వాన చెప్పిన రోజే, చెప్పిన గంటకే పడింది. ఆ వాన కురిపించేది ఆట తయారుచేసినవాళ్ళే కదా అన్న చిన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

భాయ్ ఫోన్ లాక్కుని చాలాసేపు చూశాడు. కోట గోడల మీది నుంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి.

"ఏం వాన రా! ఆడ రైతులుండారా?"

"లేరు భాయ్. అందరూ సిపాయిలే."

"దండగ వాన," అని ఫోన్ తిరిగిచ్చేశాడు. మళ్ళీ అడిగాడు: "నువ్వేం అమ్ముతాండావు?"

"ఇసుక బూట్లు."

ఆయన నవ్వు ఆగేదాకా గ్రైండర్ ఆపాల్సి వచ్చింది. "లేని ఊర్లో లేని వాన పడితే, దానికి గూడా పనికిరాని బూట్లు చేసినావు కదప్పా! కరిగించు, కరిగించు."

కరిగిస్తే సగం ఇనుమే తిరిగొచ్చింది. దాంతో బురద బూట్లు చేశాను. అప్పటికే సంతలో బురద కంటే బురద బూట్లే ఎక్కువ. నేనొక రేటు పెడితే పక్కవాడు ఒక నాణెం తక్కువకు పెడతాడు. నేను దిగితే ఇంకోడు ఇంకో నాణెం దిగుతాడు. టమోటా మార్కెట్టే. ఒక్క జత ఇసుక బూట్లు మాత్రం కరిగించలేదు. రోషంతో గుమ్మానికి వేలాడదీశాను.

వారం గడువు చివరి రోజు వచ్చింది. ఒక్క బేరమూ లేదు. సాయంత్రానికి బోర్డు మీద నా పేరు ఉండదు. మధ్యాహ్నం ఒక సిపాయి తడుస్తూ వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు.

"అన్నా, ఆ ఇసుక బూట్లు ఎంత?"

చెప్పాను.

"ఏమన్నా, వానలో ఇసుక బూట్లకు ఇంత రేటా?"

"వానలో ఇసుక బూట్లు అడిగేవాడివి నువ్వు. నన్నంటావేమప్పా?"

కాస్త తగ్గించాను. కొన్నాడు. అంగడి నిలిచింది. అమ్మిన సంతోషం కంటే, వీడెవడు, ఎందుకు కొన్నాడు అన్నదే నన్ను ఎక్కువ తొలిచింది. అడిగేశాను.

"రేపు వాన నిలిచిపోతే? వానను నమ్ముకుని ఉన్న బూట్లు పారేసుకుంటారా ఎవరైనా?" అన్నాడు.

"యాడప్పా మీది?"

"కుందుర్పి."

మా జిల్లానే, మాలాగే మబ్బును చూసి మోసపోయే ఊరు. కోట గుమ్మం ముందు వాన పడుతూనే ఉంది.

ఇదంతా భాయ్‌కి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. "వాళ్ళ ఊర్లో వాన పడిందేమో అడుగు," అన్నాడు. అడిగాను.

"మబ్బు ఉండాది అన్నా. అంతే," అని జవాబొచ్చింది.

భాయ్ లేచి వాకిట్లోకి పోయి, కుందుర్పి దిక్కు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. గోడకు ఆనించిన వెల్డింగ్ రాడ్ల డబ్బాలోకి తొంగి చూశాడు. అడుగున నాలుగు రాడ్లున్నాయి.

"రేయ్, పడితే గొర్రులన్నీ ఒగే తూరి వస్తాయి. రాడ్లు తెప్పిద్దామా?"

"ఏం తొందర భాయ్," అన్నాను. "పడనీ."

"అదీ నిజమే," అంటూ వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.