రబ్బరు కప్ప ధర కొరమీనుకు తెలుసా

2021వ సంవత్సరం, నవంబరు నెల. ఆ ఏడు ఆలస్యంగా కురిసిన వానలకు మార్కాపురం చుట్టుపక్కల చెరువులు నిండాయి. బస్టాండు వెనుక వీధిలో నేను చేపల వేట సామగ్రి దుకాణం తెరిచి అప్పటికి మూడేళ్లయింది. మా ఇంట్లో డిగ్రీ చదివినవారిలో నేనే మొదటివాడిని. జంతుశాస్త్రంలో పట్టా చేతికి వచ్చినా ఉద్యోగం రాలేదు. చదివిన చదువుకు కాస్త దగ్గరగా ఉండే వ్యాపారం కనుక దీనిని ఎంచుకున్నాను. వలలు, నైలాను దారం, గాలాలు నా ప్రధాన సరుకు. వీటికి తోడు కౌంటరు మీది గాజు అరలో లూర్లు ఉండేవి.

లూర్ అంటే ప్రాణం లేని ఎర. మా ప్రాంతంలో ఎక్కువగా అమ్ముడుపోయేది ఫ్రాగ్ లూర్. ఇది లోపల బోలుగా ఉండే రబ్బరు కప్ప. వీపు మీద రెండు కొక్కేలు పైకి తిరిగి, ఒంటికి ఆనుకొని ఉంటాయి. దీనిని నీటి మీదికి విసిరి, రీలు తిప్పుతూ గంతులు వేయిస్తూ లాక్కోవాలి. విదేశీ వీడియోలు చూసిన యువకులు బాస్ చేపలకు వాడే ఎరలు ఉన్నాయా అని అడుగుతూ వస్తారు. బాస్ మన చెరువుల్లో లేదు. ఆ స్థానంలో మనకు కొరమీను ఉంది. అది నాచు చాటున, ముళ్ల చాటున పొంచి ఉండి, నీటి మీద కదిలే కప్పను ఒక్క ఉదుటున అందుకుంటుంది. ఆ అందుకోవడాన్నే మా వృత్తిలో స్ట్రైక్ అంటాం.

దుకాణానికి వచ్చినవారిలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే. ఎనభై రూపాయల కప్ప కంటే తొమ్మిది వందల కప్పకు చేపలు ఎక్కువ పడతాయా? పడతాయని నేను తడుముకోకుండా చెప్పేవాడిని. ఖరీదైన కప్పలు కొన్నవారు ఒంగోలు నుంచి, గుంటూరు నుంచి ఫోటోలు పంపేవారు. నాకు అవే సాక్ష్యం. వట్టి చేతులతో ఇంటికి వెళ్లినవారు ఫోటోలు పంపరన్న సంగతి నాకు అప్పట్లో తట్టలేదు.

ఆ నెల మొదటి వారంలో ఖాసిం మామ దుకాణానికి వచ్చారు. వయసు యాభై దాటింది. ముప్పై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి, నునుపు పెట్టిన మనిషి. పలకలకు గిరాకీ తగ్గి ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటినుంచి యర్రగొండపాలెం రోడ్డులోని ఒక చెరువులో, మత్స్యకారుల సొసైటీ అనుమతితో, గాలానికి చవక రబ్బరు కప్ప కట్టి చేపలు పట్టి అమ్ముకుంటున్నారు. మాకు బంధుత్వం లేదు. మా వీధిలో నేను ఆయనను మామా అంటాను, ఆయన నన్ను అల్లుడూ అంటారు.

ఆయన రాకకు కారణం ఉంది. గిద్దలూరు రోడ్డులో హోటల్ నడిపే రమణమ్మ గారు ఆదివారాలు కొరమీను పులుసు వండుతారు. చేపలు ఒంగోలు వైపు నుంచి వ్యానులో వచ్చేవి. అవి చెరువు చేపలంత రుచిగా లేవని తినేవారు అంటూ ఉండడంతో ఆమె ఖాసిం మామను పిలిపించారు. ప్రతి ఆదివారం ఉదయం పది గంటలలోపు నాలుగు కిలోల కొరమీను ప్రాణంతో తేవాలి. మూడు ఆదివారాలు చూస్తానని, నచ్చితే ఏడాది పొడుగునా ఆయన దగ్గరే తీసుకుంటానని ఆమె మాట ఇచ్చారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన ఇంటికి వచ్చిన మొదటి స్థిరమైన ఆధారం అది.

గాజు అరలోని తొమ్మిది వందల కప్పను ఆయన చాలాసేపు చూశారు.

“అల్లుడూ, ఉన్నమాట చెప్పు. దీనికి చేపలు ఎక్కువ పడతాయా, డబ్బా బాగుందని ధర ఎక్కువా?”

“పడతాయి మామా. అనుమానమే అక్కర్లేదు” అన్నాను.

ఆయన మరో మాట అడగకుండా కొన్నారు. దారం చుట్టే పాత రీలు, పొట్టి గాలం కర్ర ఆయన దగ్గర ముందే ఉన్నాయి.

మొదటి ఆదివారం గడిచింది. సోమవారం ఉదయం నేను దుకాణం తలుపు తీసేసరికి ఆయన అరుగు మీద కూర్చొని ఉన్నారు. లేచి వచ్చి కప్పను కౌంటరు మీద పెట్టారు. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

“నీ కప్పకు ఈత బాగా వచ్చు అల్లుడూ. చేపల్ని పట్టడమే రాదు.”

ముందురోజు ఆయనకు ఒక్కటంటే ఒక్క చేప దొరికిందట, అదీ అరకిలో. రమణమ్మ గారు కోప్పడలేదు. కొత్త కనుక ఒక ఆదివారం వదిలేస్తున్నానని, మరొకటి తప్పితే ఒంగోలు వ్యానుకే చెప్పేస్తానని అన్నారట. నాకు సిగ్గనిపించింది. కప్పను వాపసు తీసుకుంటానన్నాను.

“వాపసు నాకెందుకు? నువ్వు చదువుకున్నోడివి, పడతాయని నువ్వే చెప్పినావు. రేపు తెల్లారి నాతో రా. ఆ చేపలు యాడున్నాయో చూపించు” అన్నారు.

మంగళవారం తెల్లవారేసరికి ఇద్దరం చెరువు దగ్గర ఉన్నాం. నీరు పెరిగి, గట్టు లోపలి సర్కారు తుమ్మ పొదలు సగానికి మునిగి ఉన్నాయి. వాటి మధ్య నాచు పరుచుకొని, అక్కడక్కడ చాప వెడల్పున నీటి మడుగులు కనిపిస్తున్నాయి. కొరమీను ఉండదగిన చోటు అదే. అయితే ఖాసిం మామ పొదలను దాటి పది అడుగులు నడిచి, ఏ అడ్డూ లేని నీటిలోకి కప్పను విసిరారు. తిప్పి లాగారు. మళ్లీ అక్కడికే విసిరారు. ఆరేడు సార్లు చూసి ఊరుకోలేక అడిగాను, చేపలు ముళ్లలో ఉంటే బయట ఎందుకు వేస్తున్నారని.

ఆయన నన్ను అమాయకుడిని చూసినట్టు చూశారు. “ముళ్లల్లో ఏస్తే ఇరుక్కోదా? ఇంట్లో దీన్ని పెట్టెలో బట్టల మధ్య దాచినా. మీ అత్త నగ కూడా అంత భద్రంగా లేదు.”

మొదటి ఆదివారం ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. పాత చవక కప్పతో వేటాడినన్నాళ్లూ ఆయన ముళ్లలోకే విసిరేవారు. నా కప్ప చేతికి వచ్చాక, అది పోతుందన్న భయంతో చేపలు లేని చోట విసిరారు. కప్పతో పాటు ఆ భయాన్నీ అమ్మింది నేనే.

నేను సంచిలో రెండు ఎనభై రూపాయల కప్పలు తీసుకువెళ్లాను. ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆయనే విసరాలి, ముళ్ల మధ్య మడుగుల్లోకే విసరాలి, ఒకసారి ఖరీదైనది కడితే తర్వాత చవకది కట్టాలి. అదే చేయి, అదే నీరు, అదే పూట అయితేనే పోలికకు విలువ ఉంటుందని కళాశాల ప్రయోగశాలలో నేర్చుకున్నాను. ఖరీదైన కప్ప ఇరుక్కుంటే నీటిలోకి దిగి నేనే తెస్తానని ఒప్పుకున్నాక గానీ ఆయన దానిని పొదల్లోకి వేయలేదు.

ఎండ చురుక్కుమనే వేళకు ఖరీదైన కప్పను కొరమీలు నాలుగు సార్లు అందుకున్నాయి, చవక కప్పను ఐదు సార్లు. చేపను రప్పించడంలో తొమ్మిది వందలకూ ఎనభైకీ తేడా లేదు. ఒడ్డుకు చేరిన లెక్క మాత్రం వేరు. ఖరీదైన దానికి నాలుగింటిలో మూడు ఒడ్డుకు వచ్చాయి. చవక దానికి ఐదింటిలో ఒక్కటే వచ్చింది. తక్కినవి నోట కరచుకున్నట్టే కరచుకొని, కర్ర పైకి లేపేసరికి వదిలేశాయి.

కారణం కోసం రెండు కప్పలనూ అరచేతిలో పెట్టుకొని చూశాను. ఖరీదైన కప్ప ఒళ్లు మెత్తన. చేప నొక్కగానే అణిగి కొక్కేలు బయటపడతాయి. చవకది గట్టిగా ఉండి అణగదు, దాని కొక్కేల మొనలు కూడా మొద్దుగా ఉన్నాయి. కొరమీను నోరు ఎముక వంటిది, మొద్దు మొన అందులో దిగదు. మొన పరీక్షకు మా వృత్తిలో సులువైన మార్గం ఉంది. కొక్కెం మొనను బొటనవేలి గోరు మీద ఆనించి జరిపితే పదునైనది గోరును పట్టుకొని ఆగుతుంది, మొద్దుది జారిపోతుంది. ఖాసిం మామ గోరు మీద పెట్టి చూపించాను. చవక కప్ప కొక్కెం జారింది.

ఆయన రెండు చవక కప్పలనూ జేబులో వేసుకున్నారు.

ఆ సాయంత్రమే దుకాణానికి వచ్చి వాటిని నా ముందు పెట్టారు. నేను గోరు మీద ఆనించానో లేదో మొన పట్టుకొని ఆగింది. దేనితో పదును పెట్టారని అడిగాను. జేబులోంచి బొటనవేలంత పలక ముక్క తీసి చూపించారు. దానిని నీటితో తడిపి, కొక్కెం వంపు నుంచి మొన వైపుకు ఒకే దిక్కున లాగాలట.

“రుద్దితే మొన చస్తాది. లాగాల, అదీ మెల్లగా. ముప్పై ఏండ్లు రాయిని ఇనుముతో కోసినా. ఇనుమును రాయితో కోయడం రాదా?” అన్నారు.

అంతటితో ఆగలేదు. చవక కప్పను కాసేపు వేడినీటిలో నానబెట్టి, వేళ్లతో పిసికి కొంత మెత్తబరిచారు. కొక్కేలను వెంట్రుక వాసి పైకి వంచారు. కొక్కేలకు పదును పెట్టే విదేశీ ఆకురాయి నా గాజు అరలోనే ఉంది. చవక కప్ప కొన్నవారికి దానితో ఒక్కసారి పదును పెట్టి ఇవ్వాలన్న ఆలోచన మూడేళ్లలో నాకు రాలేదు.

గురువారం మళ్లీ అదే పద్ధతిలో చూశాం. పదును పెట్టిన చవక కప్పను నాలుగు చేపలు అందుకుంటే మూడు ఒడ్డుకు వచ్చాయి. పైకి వంచినందున నాచు తరచుగా తగులుకొని విసుగు తెప్పించిన మాట నిజమే. చేపల విషయంలో మాత్రం అది ఖరీదైన దానికి తీసిపోలేదు. రెండో ఆదివారం ఖాసిం మామ తడి గోనెసంచిలో నాలుగు కిలోలకు తగ్గకుండా ఐదు కొరమీలను ప్రాణంతో రమణమ్మ గారి హోటల్‌కు చేర్చారు.

మూడో ఆదివారం నేను దుకాణం మూసి ఆయన వెంట వెళ్లాను. ఎనిమిది గంటలకు మూడు చేపలు సంచిలో ఉన్నాయి, మూడు కిలోలకు కొంచెం అటూ ఇటూ. తర్వాత పరిస్థితి తిరగబడింది. ఒక చవక కప్పను చేప పళ్లతో చీల్చింది. రెండోది పొద నడుమ చిక్కి, దారం తెగి పోయింది. మళ్లీ దుకాణానికి వెళ్లి రావడానికి సమయం లేదు. మిగిలింది ఖరీదైన కప్ప ఒక్కటే. అంతలో రెండు పొదల మధ్య, చేట వెడల్పున ఉన్న మడుగులో ఒక పెద్ద కొరమీను గాలి కోసం పైకి వచ్చి మునిగింది.

ఖాసిం మామ ఆ మడుగును చూశారు, చేతిలోని కప్పను చూశారు. పోతే నేను ఇంకొకటి ఇస్తాను, వేయమన్నాను.

“నువ్వు ఇస్తావని ఏయడం కాదు అల్లుడూ. నాది నేను ఏసుకోవాల” అన్నారు.

అని విసిరారు. కప్ప ముళ్ల కొమ్మ మీద పడి, అక్కడినుంచి నీటిలోకి జారింది. రెండో గంతుకు నీరు పగిలింది. చేప కప్పతో సహా పొద కిందికి దూరి, దారాన్ని కొమ్మకు చుట్టేసింది. నీటిలోకి దిగుతానన్నది నా ఒప్పందమే అయినా, నేను చెప్పులు విడిచేలోపే ఆయన కర్రను నా చేతికిచ్చి మెడలోతు నీటిలో ఉన్నారు. దారం పట్టుకొని ముళ్లలోకి చేయి పెట్టి తడుముతూ వెళ్లారు. బయటికి వచ్చినప్పుడు చేయి మోచేతి దాకా గీరుకుపోయి ఉంది, ఆ చేతి వేళ్లు చేప దవడలో ఉన్నాయి. కప్ప కాళ్లు రెండూ ఊడిపోయాయి.

పదికి పది నిమిషాల ముందు రమణమ్మ గారు సంచి విప్పి చూశారు. చేపలు తోకలు కొట్టాయి. తూచి, ఆయన చేయి చూసి, లోపలినుంచి పసుపు తెప్పించారు. “వ్యాను వాళ్లకు ఇక రావద్దని నేను ఫోన్ చేస్తాలే అన్నా, నువ్వు పోయి అన్నం తిను” అన్నారు. ఆ ఏర్పాటు ఈనాటికీ నడుస్తోంది.

ఈ అనుభవం తర్వాత ఆ పాత ప్రశ్నకు నా జవాబు మారింది. ఖరీదైన ఎర చేపలను ఎక్కువగా పిలవదు. పిలుపు అందుకొని వచ్చిన చేపను వదలకుండా ఉంచడంలో దానికి కొంత నేర్పు ఎక్కువ. ఆ నేర్పులో పెద్ద భాగం కొక్కెం మొనలో ఉంది, మొనను ఎవరైనా పదును పెట్టుకోవచ్చు. ఇదంతా నేను ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను, ఎందుకంటే ఫోటోలు చూసి కాక చెరువు గట్టున నిలబడి తెలుసుకున్నాను.

అందుకే గాజు అర వైపు వేలు చూపినవారిని నేను ముందుగా ఒక మాట అడుగుతాను. ఇది మొదటి రోజే ముళ్లలో పోతే రేపు ఇంకొకటి కొనగలరా? కొనగలమన్నవారికి ఖరీదైనది ఇస్తాను. ఆలోచనలో పడినవారికి చవకవి రెండు తీసి, కొక్కేలకు పదును పెట్టి, వాళ్ల గోరు మీదే ఆనించి చూపించి, ముళ్లలోకే వేయండి అని చెప్పి పంపుతాను.