పగడాలకి తోడొచ్చిన పిన్ని

మొన్న మంగళవారం పొద్దున్న కాలేజీ ల్యాబులో తొట్టె కోసం ఉప్పునీళ్లు కలుపుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "పిన్ని ఎళ్లిపోనాదే. టీ పెట్టుకుందామని లేసిందట. స్టవ్ కాడే కూలబడిపోనాది," అంది. చేతులు కూడా కడుక్కోకుండా రాజాం బస్సెక్కాను. చీర కొంగు మీద ఉప్పు తెల్లగా ఆరిపోయి ఉండడం చర్చిలో కూర్చున్నాక గాని చూసుకోలేదు.

ఆమె మా అమ్మకి చెల్లెలు. ఉద్యోగకాలమంతా పాలకొండ అవతల కొండ ఊళ్లలో ప్రభుత్వ నర్సుగా పనిచేసింది. బస్సు ఆగిపోయిన చోట దిగి, భుజాన టీకాల పెట్టె వేసుకుని నడిచేది. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక రాజాంలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. పాల గిన్నె అయినా, అన్నం పళ్లెం అయినా, మనిషి నుదురయినా ముందు చెయ్యి వెనక్కి తిప్పి తాకి చూసేది. చిన్నప్పుడు నేను ఫ్రిజ్ తలుపు తెరుచుకుని నిలబడితే వంటింట్లోంచి కేక వినిపించేది: "ఒసే, మూస్తావా? అదేటి సినిమా హాలా, సూస్తా నిలబడిపోనావు?"

నేను విజయనగరంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబు చూసుకుంటాను. రెండేళ్ల క్రితం మా మేడమ్ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అటవీ శాఖ అనుమతి తెచ్చారు. పిల్లలకి చూపించడానికి బతికున్న పగడాలు పెంచాలని ఆవిడ కోరిక. సముద్రంలోంచి తీయడం నేరం కాబట్టి, చెన్నై అవతల ఒక పరిశోధనశాల వాళ్లు తొట్టెల్లో పెంచిన ముక్కల్నే ఇస్తామన్నారు. తెచ్చుకునే పూచీ మాది. మేడమ్ ఆ పని నాకు అప్పగించారు.

పగడం అంటే ఉంగరంలో రాయే గుర్తొస్తుంది చాలామందికి. కానీ అది ప్రాణి. వేలెడంత కొమ్మ మీద చిన్న చిన్న నోళ్లు వందలుంటాయి, పువ్వుల్లా విచ్చుకుంటాయి. మా ముక్కలకి దారంతా నీటి వేడి ఇరవై నాలుగు నుంచి ఇరవై ఏడు డిగ్రీల మధ్య ఉండాలని ఇచ్చినవాళ్లు చెప్పారు. అది తప్పితే పైనున్న కండ ఊడిపోయి తెల్లటి ఎముకలాంటిది మిగులుతుంది.

మొదటిసారి వెళ్లింది మే నెలలో. ఎండకి భయపడి థర్మోకోల్ పెట్టెలో నీళ్ల సంచుల మధ్య ఐసు కుక్కాను. విజయనగరంలో మూత తీయగానే వాసన కొట్టింది. పన్నెండు ముక్కల్లో ఒక్కటీ మిగల్లేదు. మేడమ్ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అనుమతి ప్రకారం ఇంకొక్కసారే తెచ్చుకునే వీలుంది.

ఆ ఆదివారం రాజాం వెళ్లి పిన్ని దగ్గర కూర్చుని ఏడ్చాను. తను గోరుచిక్కుళ్లు విరుస్తోంది. చేతులాపకుండానే అడిగింది:

"ఏవి ముందు సచ్చిపోనాయి? ఐసుని ఆనుకున్నవా, ఎడంగా ఉన్నవా?"

గుర్తు తెచ్చుకున్నాను. ఐసు పక్కనున్న సంచుల్లోవే పూర్తిగా ముద్దయిపోయాయి.

"అయితే ఎండ కాదే. సల్లదనం సంపేసింది."

తర్వాత తన సంగతి చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తనూ అలాగే భయపడి, రాయిలా గడ్డకట్టిన ఐసు ప్యాకెట్లని టీకాల పక్కన పెట్టిందట. మందు గడ్డకట్టింది. కొన్ని టీకాలు ఒకసారి గడ్డకడితే మరి పనిచెయ్యవు. "కరిగాక సూడ్డానికి బాగానే ఉంటాది. ఎవులికీ తెలీదు. నాకు తెలుసు కదా," అంది. ఆ సీసాలు తిప్పి పంపేసి, కొత్తవి వచ్చాక మళ్లీ అంత దూరం నడిచి వెళ్లిందట. కూలి మానుకుని బిడ్డల్నెత్తుకొచ్చిన తల్లులు మొహం మీదే తిట్టారట. "తిడతారు మరి. తిట్టరా?"

ఆ పూటే నాకు పాఠం చెప్పింది. "ఐసు ప్యాకెట్టుని తెచ్చి అలాగే పెట్టీకూడదు. బయట ఉంచు. దానికి సెమట పట్టాలి. ఊపితే లోపల నీళ్లు కదలాల. అప్పుడు పెట్టు." చిక్కుళ్ల చేట పక్కన పెట్టి, "మళ్లీ ఎప్పుడెళ్తన్నావు? నేనూ వస్తాను," అంది.

జూన్ మొదట్లో ఇద్దరం వెళ్లాం. సాయంత్రం చెన్నైలో ఏసీ బోగీ ఎక్కి పెట్టెని బెర్తుల మధ్య పెట్టుకున్నాం. థర్మామీటర్ తీగ మూతలోంచి లోపలికి, అంకెలు బయటికి. పిన్ని కాగితం మీద గీతలు గీసి గంట గంటకీ పెన్సిల్‌తో వేడి రాసింది. ఎదురు సీటాయన "ఏముందండీ లోపల?" అని అడిగితే, "పసిపిల్లలు బాబూ, నెమ్మదిగా మాటాడండి," అంది. ఆయన నిజంగానే గొంతు తగ్గించాడు.

మర్నాడు పొద్దెక్కాక, తుని దాటగానే బండి ఆగిపోయింది. కాసేపటికి ఏసీ కూడా పోయింది. ఇరవై ఆరు ఇరవై ఏడయింది, ఇరవై ఎనిమిదయింది. ఏసీ ఉంది కదా అని ఐసు తేలేదు, దారిలో కొన్న నీళ్ల సీసాల్లో చల్లదనం ఎప్పుడో పోయింది. పిన్నికి షుగరు. ఇన్సులిన్ కోసం చల్లటి జెల్ ప్యాకెట్లున్న చిన్న సంచీ తెచ్చుకుంది. అందులోంచి ప్యాకెట్లు రెండూ బయటికి తీసి, చేతి వెనక వైపు ఆనించి చూసింది. తువ్వాల్లో చుట్టి, నీళ్ల సంచులకి తగలకుండా పైన పేపర్లు పరిచి వాటి మీద పెట్టి మూత వేసింది.

"మరి నీ మందో?" అన్నాను.

"ఏటీ అవదు. నర్సుని నేనా, నువ్వా?"

అంకె ఇరవై ఎనిమిది దగ్గర నిలబడింది. అరగంట తర్వాత దిగడం మొదలెట్టింది. ఇరవై ఆరు చూడగానే నేను ఊపిరి పీల్చుకున్నాను. పిన్ని మాత్రం ఒక ప్యాకెట్ తీసేసింది. ఉంచమన్నాను. "వాటికి హాయిగుంటే సాలు. నీ భయం తీరీదాకా సల్లబరిస్తే మళ్లీ సంపుకుంటావు," అంది.

పన్నెండింటిలో పదకొండు బతికాయి. తుని ఎండకి తన ఇన్సులిన్ పాడయిందని, ఇంటికెళ్లి పారేసి కొత్తది కొనుక్కుందని నెల తర్వాత అమ్మ చెప్పింది. నేను నిలదీస్తే, "పాడయింది పారేస్తారు. దానికేటి?" అనేసి, చచ్చిపోయిన పన్నెండో ముక్క పెట్టెలో ఏ మూలన ఉన్నదో అడిగింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేసేది. "నోళ్లు తెరిసేయా?" మూడు వారాలు మూసుకునే ఉన్నాయి. విచ్చుకున్న రోజు వీడియో పంపాను. "ఫోన్లో ఏటి కనిపిస్తాది? వచ్చి సూస్తాను," అంది. పరీక్షలవనీ అన్నాను. తర్వాత తొట్టె మారుస్తున్నాం, అయ్యాక రా అన్నాను. తర్వాత ఇద్దరం ఆ మాటే ఎత్తలేదు. చెన్నై అవతలి దాకా నాకు తోడొచ్చిన మనిషిని రాజాం నుంచి విజయనగరం తీసుకురాలేకపోయాను. పిలిస్తే వద్దామని ఉండిపోయింది. నేను పిలవలేదు.

సమాధుల దగ్గర కొండ ఊరి నుంచి వచ్చిన ఒకామె నా పక్కన నిలబడింది. "మా నలుగురు పిల్లలకీ ఆయమ్మే సూదేసింది," అంది. నాకు ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను.

ఇప్పుడు తొట్టె ముందు పిల్లలు గుమిగూడి వేలు పెట్టి చూపించుకుంటుంటే, వాళ్ల మధ్య ఒక కుర్చీ వేసి పిన్నిని కూర్చోబెట్టాలని ఉంటుంది. ఏమనేదో అని ఆలోచిస్తాను.

పగడాలు తెచ్చిన ఆ రోజు స్టేషన్ నుంచి కాలేజీకి ఆటోలో వచ్చాం. పెట్టె వెనకాల పెట్టండమ్మా అని డ్రైవర్ అంటే వినకుండా ఒళ్లో పెట్టుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో గాల్లోకి లేపి, దాటాక మెల్లగా దించేది. ముక్కు మీద చెమటకి కళ్లద్దాలు జారిపోతున్నాయి, ఎగదోసుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. "ఒసే, అద్దాలు," అంది, అంకెల మీంచి చూపు తిప్పకుండానే. నేను వేలితో పైకి నెట్టాను. కోట దగ్గరికొచ్చేసరికి మళ్లీ జారాయి. మళ్లీ నెట్టాను.