మడిచీర చెప్పిన సాక్ష్యం

బందరు జిల్లా కోర్టులో గుమస్తాగా ఉన్నంతకాలం నా పని ఒకటే. సాక్షి చెప్పింది రాసుకోవడం, రాసింది అతనికి చదివి వినిపించడం, సరేనని ఒప్పుకున్నాక కింద సంతకమో వేలిముద్రో వేయించడం. బోనెక్కి నిజం మాత్రమే చెప్పిన మనిషిని నేను చూసిన గుర్తు లేదు. అయినా అందరివీ ఓపికగా రాసుకున్నాను. పింఛను పుచ్చుకుని ఇంటికి వచ్చాక, ఇన్నాళ్ళూ ఊరివాళ్ళ అబద్ధాలు రాశాను కదా, ఇక సొంతవి రాసుకుందామనిపించింది. అలా నెత్తి పూర్తిగా నెరిశాక డిటెక్టివు నవలలు మొదలుపెట్టాను.

పింఛనుదారు పురాణం చెప్పించుకోవాలి గాని హత్యలు చేయిస్తాడా అని మా వీధి పెద్దలు విస్తుపోయారు. ఒకరిద్దరు నా మొహం మీదే అన్నారు. ఆ తరవాత పుస్తకం కావాలని మనిషిని పంపించింది కూడా వాళ్ళే.

కోర్టు అలవాటు మాత్రం నన్ను వదల్లేదు. రాసింది ఎవరికో ఒకరికి చదివి వినిపించి సరే అనిపించుకుంటే తప్ప అధ్యాయం పూర్తయినట్టు ఉండేది కాదు. ఇంట్లో దొరికిన సాక్షి మా ఆవిడ. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక వసారాలో చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ వినేది. నేను పడక కుర్చీలో కూర్చుని, జడ్జీగారి ముందు చదివినట్టు గొంతు సవరించుకుని చదివేవాణ్ణి.

ఆవిడతో వచ్చిన చిక్కేమిటంటే, కథ ఇంకా ఊపందుకోకముందే హంతకుడెవరో చెప్పేసేది. మొదటి నవలలో డాక్టరు. రెండోదాంట్లో సంగీతం మేష్టారు. అదీ చేటలోంచి తలెత్తకుండా.

"ఎలా కనిపెట్టావు?" అని ఒకరోజు నిలదీశాను.

"మీరెవరికి మరీ మర్యాద చేస్తే వాడేనండీ. ఆ డాక్టరుగారు గుమ్మంలో అడుగు పెట్టీపెట్టగానే కాఫీ ఇప్పించారు. మిగతావాళ్ళకి మంచినీళ్ళకైనా దిక్కు లేదు. మా పెద్దన్నయ్య వచ్చినప్పుడు మీరు చేసే మర్యాదలు నాకు తెలియవా ఏమిటి?"

మా పెద్ద బావగారంటే నాకు గిట్టదన్న సంగతి అన్నేళ్ళూ గుట్టుగానే ఉందనుకున్నాను.

అప్పటినుంచి నాకు ఒకటే పట్టుదల. జీవితంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చివరి అధ్యాయం వినేసరికి ఆవిడ చేట పక్కన పెట్టి "ఓరి, వీడా!" అనాలి. బందరంతా మెచ్చుకున్నా ఆ ఒక్క మాట లేని లోటు అన్నంలో రాయిలా తగులుతూనే ఉండేది.

మూడో నవలకి చాలా శ్రమ పడ్డాను. రేవు దాటి దివిసీమ వెళ్ళాం. మోపిదేవిలో ఆవిడ స్వామికి మొక్కు చెల్లించుకుంటుంటే నేను శవాన్ని ఎక్కడ పడేస్తే బాగుంటుందా అని చుట్టుపక్కల చూసుకున్నాను. కృష్ణకు వరద వచ్చి పడవలు ఆగిపోవడం, దివిలో ఒక పెద్ద మోతుబరి తన ఇంట్లోనే విషం కలిసిన మజ్జిగ తాగి చనిపోవడం, బయటివాడు వచ్చే దారి లేదు గనక చంపింది ఇంట్లోవాళ్ళలోనే ఒకరు కావడం, ఇదీ కథ. హంతకుడు ఆ మోతుబరి గుమస్తా. వాడికి చుక్క కాఫీ ఇవ్వలేదు. అడుగడుగునా తిట్టించాను. మిగతా అందరికీ గ్లాసుల కొద్దీ పోయించాను. వంటింట్లో ఉండడానికి ఒక ముసలి మేనత్తను పెట్టాను. ఎప్పుడో కాశీ వెళ్ళిపోయి, అందరూ ఆవిడ మొహం మరిచిపోయాక తిరిగివచ్చిన మనిషి. మడి అంటే ప్రాణం. పిల్లలు కూడా ఆవిడకు ఆమడ దూరంలో నడుస్తారు.

రోజూ చదువుతున్నాను. మా ఆవిడ ఎవరి పేరూ ఎత్తదు. కథ సగం దాటినా ఎత్తలేదు. ఆ రోజుల్లో నాకు ఆకలి కూడా బాగా వేసింది.

అలా ఉండగా, పరిశోధకుడు వంటిల్లు సోదా చేసే అధ్యాయం వచ్చింది. మేనత్త కళ్ళముందే అతను దండెం మీది మడిచీర లాగి, దులిపి, ఏమీ దొరక్క మళ్ళీ ఆరేస్తాడు. మర్నాడు పొద్దున్నే మేనత్త ఆ చీర కట్టుకుని వంటకు దిగుతుంది. ఇక్కడిదాకా చదివేసరికి మా ఆవిడ చెయ్యి చేటలో ఆగిపోయింది.

"ఈవిడే చంపింది," అంది.

"ఎవరు?"

"ఆ మేనత్త. పైవాడు ముట్టుకున్న చీర మడిగల మనిషి కట్టుకుంటుందా? మళ్ళీ తడిపి ఆరేసుకుంటుంది గాని. కట్టుకుందంటే ఆవిడకి మడీ లేదు, పాడూ లేదు. అసలు మేనత్తే కాదు. ఆ పేరు చెప్పుకుని ఇంట్లో దూరిన మనిషి. ఎంత బాగా పెట్టారండీ."

నేనేమీ పెట్టలేదు. మరిచిపోయాను, అంతే. ఆవిడ కాపురానికి వచ్చిన నాటినుంచీ మా ఇంట్లో మడిబట్టల దండెం కింద ఒదిగి ఒదిగి నడిచినవాణ్ణి. చెయ్యి తగిలితే ఆ పూట ఇల్లు ఎగిరిపోయేది. అంతటివాణ్ణి కాగితం దగ్గరికి వచ్చేసరికి మడి సంగతే మరిచాను.

అయితేనేం, ఆవిడ తప్పు చెప్పింది. నేను ఇన్నేళ్ళూ కోరుకున్నది అదే. "కాదు, గుమస్తా" అంటే చాలు. నోరు కూడా తెరిచాను. కాని ఆ మాట అంటే ఏమవుతుంది? "మరి ఆ చీర ఎలా కట్టుకుంది?" అని అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పైగా ఆవిడ చెప్పిన హంతకురాలు నా గుమస్తా కంటే వెయ్యిరెట్లు నయంగా ఉంది. రాసేవాడికి ఆశ చెడ్డది.

"కనిపెట్టేశావు," అన్నాను, మొహం వేలాడేసి.

చివరి అధ్యాయాలన్నీ తిరగరాశాను. గుమస్తాను నిర్దోషిని చేసి, ఇన్నాళ్ళు తిట్టించినందుకు ఆఖరి పేజీలో కాఫీ కూడా ఇప్పించాను. రైలెక్కి గుడివాడ వెళ్ళి అచ్చాఫీసులో ఇస్తే, అక్షరాలు కూర్చేవాళ్ళు ఆఖరి భాగం ముందు కూర్చుతామని పోట్లాడుకున్నారట. పుస్తకం వచ్చాక ఆడవాళ్ళు మరీ మెచ్చుకున్నారు. మగవాడికి ఆ చీర సంగతి ఎలా తట్టిందండీ అని ఆశ్చర్యపోయారు. నేను వినయంగా నవ్వాను. లోపల మాత్రం వేరే సంతోషం ఉండేది. ఒక్కసారైనా ఆవిడ పొరబడింది, పొరబడినట్టు ఆవిడకు తెలియదు. ఆవిడ నన్ను దేనికైనా సాధించినప్పుడల్లా అది తలుచుకుని హాయిగా ఊరుకునేవాణ్ణి.

ఏడాది తిరిగింది. ఒక మధ్యాహ్నం పక్కింటావిడ పుస్తకం తిరిగి ఇచ్చి, తెగ పొగిడి వెళ్ళింది. మా ఆవిడ చేట ముందుకు లాక్కుంటూ, "పాపం ఆ ముసలావిడ. గుమస్తా చేసిన పనికి తను ఇరుక్కుంది," అంది.

"గుమస్తా ఏమిటి?"

"మొదట చంపించింది వాడిచేతనేగా. ఊళ్ళో అందరికీ కాఫీలు పోయించి వాడొక్కడి గొంతూ ఎండగడితే తెలియదా? రెండో రోజే తెలిసింది. ఈసారికి మీ ముచ్చట తీరనిద్దామని ఊరుకున్నా. తీరా మీరు ఆ చీర దగ్గర చతికిలపడ్డారు. తప్పని చెబితే కాగితాలన్నీ చింపి కూర్చుంటారు. అలాగే అచ్చయితే నలుగురూ నవ్వుతారు. అందుకని ఆవిడ మీదికి తోశా."

నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే, నా ముచ్చట తీర్చడానికి ఆవిడ అన్నాళ్ళు నోరు కట్టేసుకుందని తెలిసి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఆవిడ నోట వినాలని నేనెదురుచూసిన మాట నా నోటే వచ్చింది.

"ఓసి, నువ్వా!"

ఆవిడ చేట పక్కన పెట్టి లేచింది. "ఉండండి, కాఫీ తెస్తాను," అంది.

ఆ కాఫీ నేను కొంచెం అనుమానంగానే తాగాను.