సగంలో కోయించిన చీర

ఇందులో ప్రతి మాటా నిజం. తిన్న అన్నం మీద ఒట్టు. నేను ఒట్టేశానంటే మా పెనుకొండలో నవ్వుతారు. కోటగోడ మీద తలలేని ఏనుగు తిరుగుతుందని ఒకప్పుడు నేను పుట్టించిన కథను ఇప్పుడు పెద్దవాళ్ళే పిల్లలకు చెబుతున్నారు. అలాంటి నోటితోనే అడుగుతున్నాను, ఈ ఒక్కసారి నమ్మండి. ఏళ్ళ తరబడి ఒక బరువు మోస్తున్నాను. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. నేను హిందూపురంలో పట్టుదారం కొని ధర్మవరం మగ్గాలకు చేర్చేవాణ్ణి. అక్కడ నేసిన చీరలను బయట ఊళ్ళ దుకాణాలకు అమ్మిపెట్టేవాణ్ణి. నేసేది నేను కాదు, కట్టేది నా వాళ్ళు కాదు. మధ్య మనిషిని.

హిందూపురం నెట్ సెంటర్లలో అప్పుడు అందరూ ఒక స్నేహాల సైటులో చేరుతున్నారు. నేనూ చేరాను. మా వ్యాపారులు కనబడిన ప్రతివాళ్ళ పేజీలోనూ 'ధర్మవరం పట్టు, హోల్‌సేల్' అని రాసి వచ్చేవాళ్ళు, గోడలకు పోస్టర్లు అంటించినట్టు. ఎవరూ పలికేవాళ్ళు కాదు. నేను కథలు రాశాను. మా తాత నేసిన చీర మీద నిజం చిలకలు వచ్చి వాలేవని రాశాను. వైజాగ్‌లో చీరల దుకాణం నడిపే శారద అనే ఆమె జవాబిచ్చింది. "చిలకల సంగతి వదిలేయండి. నేసే మనిషి గురించి ఏమైనా రాయండి."

నాకు తెలిసిన నేసే మనిషి బాబయ్యన్న. ధర్మవరంలో గుంతమగ్గం ఆయనది, నేలలో తీసిన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసేది. ఆయన పక్కన కూర్చుని చూసినదే రాయడం మొదలుపెట్టాను. పోగు తెగితే మాట ఆపేస్తాడని, వేలు తడి చేసుకుని ముడి వేశాకే మిగతా మాట చెబుతాడని. చీర అంచు ఒక రంగులో, ఒళ్ళు ఒక రంగులో నేస్తూ మగ్గం మీదే రెంటినీ ఎలా కలుపుతాడో. ఆమె ప్రశ్నలు పంపేది. వాటిని మోసుకుని ధర్మవరం బస్సెక్కేవాణ్ణి. ఆయన జవాబులు మోసుకుని హిందూపురం వచ్చేవాణ్ణి. ఆయన ఫోటో పెట్టాను. ఆమె తన దుకాణంలో ఆ చీరల పక్కన ఆయన పేరు రాసి పెట్టింది. బాబయ్యన్న నేసిన చీర కావాలని అక్కడ అడిగేవాళ్ళు మొదలయ్యారు. నా బతుకులో నేను కట్టిన ఒకే ఒక్క నిజమైన సంబంధం అది. కానీ అది నాది కాదు. వాళ్ళిద్దరిది. ఆ సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఒకరోజు ఆమె రాసింది. "వచ్చే నెల ధర్మవరం వస్తున్నాను. బాబయ్యగారితో కూర్చుని మాట్లాడాలి. ఇకమీదట ఆయన మగ్గం నా దుకాణానికే నేయగలదేమో అడగాలి."

అలవాటుగా ఆ కబురు కూడా ఆయనకు మోసుకెళ్ళి చెప్పాకే నాకు తట్టింది, వాళ్ళిద్దరూ ఎదురుపడితే మధ్యలో నేనెందుకు? ఆ రాత్రి ఎన్ని సాకులు ఆలోచించానో. ఊరు మారాడంటే కొత్త ఊరి పేరు అడుగుతుంది. జబ్బు అంటే చూడ్డానికి వస్తుంది. చావు ఒక్కటే ఎదురు ప్రశ్న వేయదు. బాబయ్యన్న పోయాడని రాశాను. గుండెపోటు అన్నాను. రాస్తుంటే నాకే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. అది నటనా? కాదనే అనుకుంటాను. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఆమె స్నేహితులంతా ఆయన ఫోటో కింద సంతాపం రాశారు. ఆమె ప్రయాణం మానుకుంది. కానీ ఒకటి అడిగింది. మగ్గం మీద ఆయన సగం నేసి వదిలిన చీర ఉంటే, అలాగే కోయించి పంపమని. దుకాణంలో ఆయన గుర్తుగా పెట్టుకుంటానని.

లేదని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆడిన అబద్ధానికి సాక్ష్యం దొరుకుతోందని ఆశపడ్డాను. వెళ్ళి బతికున్న మనిషినే అడిగాను.

బాబయ్యన్న ఆడిస్తున్న కాలు ఆపేశాడు. "సగం చీర కోసేది యెప్పుడో తెలుసునా అప్పా నీకు? మగ్గంలో కూచునే మనిషి పోతేనే. మా నాయన పోయినప్పుడు కోసినాము. ఇప్పుడు ఈడ ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలేదన్నా. ఎగ్జిబిషన్లో పెడతారంట."

"సగం చీర చూసి మురిసే పిచ్చోళ్ళు యాడుండారబ్బా" అని నవ్వాడు.

లోపల్నుంచి ఆయన భార్య అంది. "వద్దు. ఇంట్లో మనిషి నిక్షేపంగా ఉండంగా మగ్గం మీద కత్తెర పెట్టేది ఏంటికి?"

"పోనీలేమే. ఇన్నేండ్లకు నోరు తెరిచి ఒకటి అడిగినాడు" అని కత్తెర తీసుకున్నాడు. కోస్తూ కోస్తూ అడిగాడు. "ఆ వైజాగమ్మ వస్తానన్నె గదప్పా? ఆయమ్మకు చూపిచ్చల్లని కొత్త అంచు ఒకటి మొదులుపెట్టింటి. ఇదే అది."

"రాదంట అన్నా. వేరే పని పడిందంట."

"పెద్దోళ్ళు. పనులుంటాయిలే" అని చీర మడిచి నా చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత ఆమె నా దగ్గర కొన్నాళ్ళు చీరలు కొని మానేసింది. నేను మళ్ళీ చిలకల కథల్లోకి వెళ్ళిపోయాను కదా, ఆమె ఎందుకు ఉంటుంది? బాబయ్యన్న చీరలు అడిగేవాళ్ళు లేక ఆయన మగ్గం ఆగిపోయింది. రెండేళ్ళకు జ్వరంతో పోయాడు. పాడె పట్టాను. నిజం చెప్పడానికి మనిషే మిగల్లేదు, అందుకే ఇన్నేళ్ళు మోయాల్సి వచ్చింది.

ఇక్కడ ఆపేద్దామనే కూర్చున్నాను. ఆపలేకపోతున్నాను.

చివర్లో రాసిన జ్వరం నేను కల్పించింది. పాడె కూడా నేను కల్పించిందే. మిగతాదంతా జరిగింది. మీ ముందు తేలికగా బయటపడదామని, ఒకసారి చంపిన మనిషినే ఇంకోసారి చంపాను. మగ్గం గుంత పూడ్చి ఆయన హిందూపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరాడు. మొన్న సోమందేపల్లిలో నేను బస్సెక్కుతుంటే ఆయన అదే బస్సు దిగుతూ నన్ను చూసి, "ఏమప్పా, బాగుండావా? మాట్లాడకుండా పోతాండావే" అన్నాడు. బస్సు కదులుతోందని చెప్పాను. కదలడం లేదు.