కర్పూరానికీ బ్యాటరీకీ మధ్య

దసరా పొద్దున మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి కర్పూరం వాసన మెట్లెక్కి మా ఇంటి దాకా వస్తుంది. ఆ వాసనకు మిగతావాళ్లు చేతులు జోడిస్తారు. నేను వేలికున్న ఉంగరం తీసి జేబులో వేసుకుంటాను. సగం మెట్లు దిగాక గానీ తీసిన సంగతి నాకే తెలియదు. "పూజకు పోతూ ఉంగరం తీసే మనిషిని నిన్నే చూశాను" అంటుంది నా భార్య. అది పెళ్లి ఉంగరం కాబట్టి ఆమెకు ఈ విషయంలో కొంత అభ్యంతరం ఉంది. ఈ అలవాటు నేర్పిన మనిషిని ఆమె చూడలేదు. చూసి ఉంటే మా సంసారంలో కనీసం ఆ ఒక్క గొడవ తగ్గేది.

ఆయన పేరు ఆశీర్వాదం. పేరు విని మోసపోకూడదు. నేను ఆయన దగ్గర పనిచేసినన్నాళ్లూ ఆయన నోటి నుంచి ఆశీర్వాదం లాంటిదేదీ వెలువడలేదు. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన కొత్తలో, పాల్మాకుల దగ్గర హైవే పక్కన ఒక క్యాబ్ కంపెనీ యార్డు పెట్టింది. నేను ఫిజిక్స్‌తో డిగ్రీ పూర్తి చేసి, నా ఫిజిక్స్‌తో దేశానికి అర్జెంటుగా పనేమీ లేదని గ్రహించి, అక్కడ సూపర్‌వైజర్‌గా చేరాను. వర్క్‌షాప్ ఇన్‌చార్జ్ ఆశీర్వాదం సార్. అంతకుముందు బస్సు డిపోలో ఎలక్ట్రికల్ సెక్షన్ చూసేవాడట. ఇస్త్రీ చొక్కా, రంగేసిన మీసం, ఎవరు ఏం చెబుతున్నా సగంలో ఆపేసే అలవాటు. ఆ సగంలోనే ఆయనకు విషయం అర్థమైపోయేది కాబట్టి ఎవరూ పోట్లాడలేకపోయేవారు.

బ్యాటరీలు చార్జింగ్ పెట్టే గది తలుపు పక్కన, మేకుకు ఒక పాత చొక్కా వేలాడుతూ ఉండేది. జల్లెడలా నిండా చిల్లులు. కొత్తగా చేరినవాణ్ణి ఎవరినైనా మొదట దాని ముందు నిలబెట్టేవాడు. "ఎలుకలు కొరికినయి అనుకుంటున్నవా? బ్యాటరీ యాసిడ్ పడ్డది. గా దినం చొక్కా లోపల నేనున్న" అని నాకూ చెప్పాడు. ఆ తర్వాత ఒక టిఫిన్ డబ్బా మూత నా ముందుకు చాచాడు. గడియారం, ఉంగరం, కడియం, ఒంటిమీద లోహం ఏదున్నా అందులో వేశాకే బానెట్ మీద చెయ్యి వెయ్యాలి. డ్రైవర్లలో కొందరికి చేతికి రాగి తాయెత్తులుండేవి. వాటిని మాత్రం ఆయన తియ్యమనేవాడు కాదు. "దేవుణ్ణి ఇడిచిపెట్టమంటలే, మీదికెళ్లి గుడ్డ చుట్టుకో" అని గుడ్డపేలిక తనే అందించేవాడు.

నా ఉంగరం మూతలో వేస్తూ చూస్తే, ఆయన ఉంగరపు వేలి చుట్టూ తెల్లగా, నున్నగా ఒక కాలిన మచ్చ ఉంది. డిపోలో ఒకసారి బస్సు బాడీకీ, బ్యాటరీ టెర్మినల్ మీదున్న స్పానర్‌కూ మధ్య ఉంగరం ఇరుక్కుందట. చూస్తుండగానే ఎర్రగా కాలిందట. ఉంగరం ఏమైంది సార్ అని అడిగాను. అడగవలసిన ప్రశ్న అది కాదని తర్వాత తట్టింది.

"కోసి తీసిన్రు," అన్నాడు. "కొత్తది చర్మంతోటి మొలిసింది. ఇగ ఇది ఎవ్వడు ఎత్కపోడు."

ఆయన ఎవరితోనైనా స్నేహంగా ఉన్నాడంటే అది యాదయ్యతోనే. యాదయ్యది పాల్మాకులే. పొలం విమానాశ్రయం కిందికి పోయింది. వచ్చిన పైసలు ఎటు పోయాయో తెలిసేలోపే పోయాయి. ఇప్పుడు అదే నేల మీదుగా క్యాబ్ నడుపుతూ, "గిది మా జొన్నచేను సార్" అని ప్యాసింజర్లకు చూపించేవాడు. వాళ్లు మర్యాదగా కిటికీలోంచి చూసేవారు. పార్కింగ్ కనిపించేది.

ఒక నెలలో యాదయ్య బండి బ్యాటరీ పదే పదే చచ్చిపోయింది. పొద్దున తాళం తిప్పితే టిక్కుమనే చప్పుడు, అంతే. యాదయ్య దిష్టి అన్నాడు, నిమ్మకాయ కట్టాడు, దాని పక్కన ఇంకోటి కట్టాడు. ఆశీర్వాదం సార్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను చూసి, "తమ్మీ, డిక్కిల పండుకో" అన్నాడు. నేనా అన్నాను. "యాదయ్య పట్టడు" అన్నాడు. డిగ్రీ పట్టా తీసుకున్నప్పుడు ఇలాంటి అవకాశాలు వస్తాయని నాకెవరూ చెప్పలేదు. పడుకున్నాను, మూత పడింది.

"లైటు ఆరిందా?" బయటి నుంచి గొంతు.

లోపల పెళ్లిపందిరిలా వెలుగుతోంది. ఆరలేదు సార్ అన్నాను.

"గదే నీ దిష్టి, యాదయ్యా. మూత ఏసినా స్విచ్చి పడుతలేదు. రాత్రంత డిక్కిల దీపం పెట్టి పండుకుంటున్నవు."

"అయితే నిమ్మకాయలు తీసేయాల్నా సార్?"

"ఉండనీ. అవి కరెంటు తాగవు."

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. డిక్కీ తెరవాలన్న సంగతి ఆ నవ్వు అయ్యాక గుర్తొచ్చింది.

ఇంకోసారి విమానాశ్రయం పార్కింగ్‌లో మా బండి ఒకటి ఆగిపోయింది. ప్యాసింజరు చావు కబురు విని ఎక్కడి నుంచో దిగినవాడు, మట్టి చేసేలోపు ఊరు చేరాలి. పక్క బండి నుంచి కేబుల్ వేసి స్టార్ట్ చేయడం మాకు రోజూ ఉండే పనే. రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకూడదు, రెండూ ఆపి ఉండాలి. ఎర్ర కేబుల్ చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు. ఆఖరి కొస మాత్రం చచ్చిన బ్యాటరీకి పెట్టకూడదు, దానికి దూరంగా ఇంజన్ మీద రంగులేని ఇనుముకు పెట్టాలి. మెరుపు వచ్చేది ఆ ఆఖరి కొస దగ్గరే, గ్యాసు ఉండేది బ్యాటరీ దగ్గర. ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చేది. కానీ ఆశీర్వాదం సార్ ఆ రోజు బానెట్ ఎత్తి, కేబుల్ నా చేతిలోంచి తీసుకుని చుట్టేశాడు. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి. ఉబ్బినదానికీ, పగిలినదానికీ కేబుల్ వెయ్యడు. ఇంకో బండి వచ్చేదాకా ఆ ప్యాసింజరు ఆయన్ని అనరాని మాటలన్నాడు. ఈయన తల వంచుకుని అన్నీ విన్నాడు. బండి వెళ్లాక, అన్ని మాటలు ఎలా పడ్డారు సార్ అంటే, "తండ్రి పోయిండు. ఎవల్నన్న తిట్టాలె గద" అన్నాడు.

ఆ తర్వాతి ఏడాది యార్డుకు కలిసిరాలేదు. షాద్‌నగర్ దారిలో మా డ్రైవరొకడు లారీ కిందపడి పోయాడు. ఇంకొకడి కాలు విరిగింది. బండ్లు ఊరికే మొరాయించేవి. దసరా వచ్చేసరికి అందరిలో ఒక భయం. ఆ పండగకు బండ్లు కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం ఏటా ఉన్నదే. ఆశీర్వాదం సార్ చర్చికి పోయే మనిషే అయినా ఆ రోజు కొత్త చొక్కా వేసుకొచ్చి, ఒక పక్కన నిలబడి, కొబ్బరిముక్క అందరికన్నా ముందు తినేవాడు. ఈసారి యాదయ్య కొత్త మాట తెచ్చాడు. "బండి పానం బ్యాటరీల ఉంటది. ఊకె టైర్లకు బొట్లు పెట్టుకుంట పోతే ఏం ఫాయిద? లోపల బ్యాటరీలకు హారతియ్యాలె."

లోపల అంటే చార్జింగ్ గదిలో. పండగ రద్దీ కోసం ముందురోజు నుంచీ బల్ల నిండా బ్యాటరీలు చార్జింగ్‌లో ఉన్నాయి. వాన జల్లుకు కిటికీలు మూసి ఉన్నాయి. తలుపు తీస్తే కుళ్లిన గుడ్ల వాసన. ఆశీర్వాదం సార్ కుదరదన్నాడు. లోపల గ్యాసు ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది అన్నాడు. గుంపు వెనక నుంచి ఎవరో అన్నారు.

"సారుకు మన హారతి పడదు. గా సంగతి చెప్పమను. గ్యాసు గీసు ఎందుకు."

ఎవరి మాటనైనా సగంలో ఆపేసే మనిషి ఆ మాట పూర్తిగా విన్నాడు. మొహం ఎలాగో అయిపోయింది. యాదయ్య వెనక్కి తిరిగి ఆ అన్నవాణ్ణి గద్దించాడు. కానీ అప్పటికి మాట పడిపోయింది. సార్ నా దగ్గరికొచ్చి, నేను చెప్తే ఇంకోలా అనుకుంటున్నారు, నువ్వు చెప్పు అన్నాడు. చెప్పాను. చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుందని, గది మూసి ఉంటే నిండిపోతుందని, అగ్గిపుల్ల చాలని. డిగ్రీ సారు మంచిగ చెప్పిండని మెచ్చుకున్నారు. ఒప్పందం కుదిరింది. చార్జర్లు ఆపి, తలుపులూ కిటికీలూ తెరిచి, చార్జింగ్ పెట్టని కొత్త బ్యాటరీ ఒకటి సార్ స్వయంగా బయటికి తెస్తాడు. యార్డు మధ్యలో దానికి హారతి ఇస్తారు. ఆ మాట విని యాదయ్య, "మంచిగున్నది సార్, మీ చేతుల మీదనే కానీ" అన్నాడు. అంతా సర్దుకున్నట్టే ఉంది.

ఇంతలో కంపెనీ ఓనరు ఫోను చేశాడు. రాహుకాలం వస్తోంది, ఇంకా కాలేదా అని. యాదయ్య పళ్లెంలో కర్పూరం వెలిగించి సిద్ధంగా ఉన్నాడు. సార్ గదిలోకి పోయి మెయిన్ స్విచ్ కట్టేశాడు. చార్జర్ల రొద ఆగిపోవడం బయటికి వినిపించింది. యాదయ్యకు ఆ నిశ్శబ్దం పిలుపులా అనిపించి ఉండాలి. స్విచ్ కట్టేస్తే అయిపోయినట్టే అనుకున్నాడు, ఇంట్లో బల్బు అంతేగదా. గ్యాసుకు స్విచ్ ఉండదు. పళ్లెం పట్టుకుని లోపలికి నడిచాడు.

నేను గుమ్మానికి ఎడంగా ఉన్నాను. సార్ కిటికీ రెక్క తెరవబోతూ వెనక్కి తిరిగాడు. అరవలేదు. ఒక్క ఊపున వచ్చి యాదయ్యను ఒక చేత్తో బయటికి తోసి, రెండో చేత్తో పళ్లెం లాక్కున్నాడు. కర్పూరం పళ్లెం అంచు మీదుగా జారింది. అది ఎక్కడ పడుతుందోనని ఆయన అటు చూశాడు. ఆ చూడటమే. టైరు పేలినట్టు చప్పుడైంది.

పొగలోంచి ఆయన నిలబడే బయటికి వచ్చాడు. చేతులు మొహం మీద పెట్టుకోలేదు. బ్యాటరీలోంచి చిమ్మిన యాసిడ్‌ను రుద్దకూడదని తెలుసు. రెండు చేతులూ దూరంగా చాచి, "నీళ్లు" అన్నాడు. గది గుమ్మం పక్కన ఎప్పుడూ నిండుగా ఒక డ్రమ్ము ఉండాలన్నది ఆయన పెట్టిన నియమమే. మేము దాన్ని చెప్పులు కడుక్కోవడానికి వాడేవాళ్లం. నేను తల పట్టుకున్నాను, యాదయ్య చెంబులతో పోశాడు. ఆయన వణుకుతున్నాడు, యాదయ్య ఏడుస్తున్నాడు. "ఆపకు," అన్నాడు సార్. "నేను చాలన్నా ఆపకు." దవాఖాన దాకా బండిలో కూడా సీసాలతో పోస్తూనే ఉన్నాం. కొత్త చొక్కా అప్పటికే మేకుకున్న చొక్కాలా అయిపోయింది.

ఒక కన్ను పోయింది. రెండోదానికి వెలుగూ నీడా తేడా తెలుస్తుంది, అంతే. ఆ నీళ్లు లేకపోతే అదీ ఉండేది కాదన్నారు డాక్టర్లు. కొన్నాళ్లకు కంపెనీవాళ్లు విచారణ అని సార్ ఇంటికొచ్చి, గదిలోకి నిప్పు ఎవరు తెచ్చారని అడిగారు. నేను పక్కనే ఉన్నాను. చెబితే యాదయ్య ఉద్యోగం ఆ సాయంత్రానికి ఉండదు.

"నాకు కనబడలే" అన్నాడు ఆశీర్వాదం సార్.

కట్టు కట్టిన మొహంతో ఆ మాట అన్నాక వాళ్లు నా వైపు తిరిగారు. నన్ను అడగబోతే, "పిల్లగాడు బయటున్నడు" అని నా మాటను కూడా సగంలోనే ఆపేశాడు. గది బాధ్యత ఇన్‌చార్జ్‌దేనని తేల్చి, ఆయన్ని పనిలోంచి తీసేశారు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం యాదయ్య క్యాబ్ ఆయన ఇంటి ముందు ఆగేది. చెయ్యి పట్టుకుని చర్చి దాకా తీసుకెళ్లి, ప్రార్థన అయ్యేదాకా బయట బండిలో కూర్చునేవాడు. ఒక ఆదివారం నేనూ ఉన్నాను. నిప్పు నేనే తెచ్చిన అని ఆఫీసుల చెప్పేస్త సార్ అన్నాడు యాదయ్య. "చెప్పి ఏం జేస్తవు? పొలం వాపస్ ఇస్తరా?" అన్నాడు ఆయన. యాదయ్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆదివారాలు మాత్రం మానలేదు.

ఆయన తనను తాను తిట్టుకున్నది ఇంకొకందుకు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "సారుకు హారతి పడదు అన్నరు సూడు, గాడ ఆగిన తమ్మీ. ఏమనుకుంటరో అని ఆగిన. గదికి తాళమేసి చెవి జేబుల ఏస్కుంటే అయిపోతుండె. మంచోడు అనిపించుకోవాలని ఒప్పందం జేసిన." వేలి మీది మచ్చ తడుముకుంటూ, "అనుకుంటే అనుకోనియ్యాలె. మల్ల సముదాయించుకోవచ్చు. కండ్లను సముదాయించరాదు" అన్నాడు. సలహాలా చెప్పలేదు. లెక్క ఎక్కడ తప్పిందో దొరికినవాడిలా చెప్పాడు.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది ఆయన పోయాడు. సమాధి మీద అందరూ కొవ్వొత్తులు పెడుతుంటే, యాదయ్య తనది వెలిగించకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

మా సెల్లార్‌లో జనరేటర్ బ్యాటరీ ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంటుంది. దసరా రోజు దాని పక్కనే అందరి కార్లకూ పూజ. నేను దిగి, పళ్లేనికి అడ్డం నిలబడి, ఆరుబయట పెట్టుకుందాం రండి అంటాను. మొదటి ఏడాది సంఘం అధ్యక్షుడు, మీకు పూజలంటే పడదా అండీ అని అడిగాడు. ఏమనుకుంటారోనని ఆగబోయాను. ఆగలేదు. "తర్వాత ఏమైనా అనుకోండి, ముందు పళ్లెం బయటికి తీసుకెళ్లండి" అన్నాను. తీసుకెళ్లారు. ఇప్పుడు నన్ను చూడగానే వాళ్లే గొణుక్కుంటూ బయటికి నడుస్తారు. మంచివాడినని ఎవరూ అనుకోవడం లేదు. పనైతే జరుగుతోంది.

ఎండలో హారతి నా దాకా వస్తుంది. ఉంగరం లేని చేత్తో మంట మీది వేడిని అందుకుని కళ్లకద్దుకుంటాను. రెండు కళ్లకూ, విడివిడిగా.