ఏంబలం తిరునాళ్ళలో నేను సౌండు తగ్గించిన సాయంత్రం

మొన్న మనవరాలు అరచేతిలో పట్టేంత స్పీకరును అల్మరా మీద పెట్టి పాటను వీలైనంత గట్టిగా పెట్టేసరికి స్పీకరు గొంతు గరగరమంది; వంటింట్లో ఉన్న నేను పోపు వదిలేసి పరుగెత్తుకొచ్చి తగ్గించాను. పాడైపోతుందని నీకెట్లా తెలుసు అవ్వా అని పిల్ల నోరు తెరిచింది. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, చెప్పండి! ఒకప్పుడు మా ఊరు మూలకుళంలో మైకుసెట్టు అంటే మా ఇల్లే.

మా ఆయన రెండు పెద్ద స్పీకరు పెట్టెలు కొన్న కొత్తలో, ఏంబలం అమ్మవారి తిరునాళ్ళకు వస్తామని ఒప్పుకున్నాక, ఆయనకు జ్వరం పట్టుకుంది. పోకపోతే మాట పోతుంది, పోయి పెట్టెలు కాల్చుకుంటే బతుకుదెరువే పోతుంది, ఎందుకంటే మాకున్నవి ఆ రెండే. వైర్లు కలపడం, ఆంప్లిఫయరు చూసుకోవడం ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదాన్ని కనుక నేనే టెంపో ఎక్కాను. ఆడది మైకుసెట్టుకు పోవడమేమిటని దారి పొడుగునా సణుగుతూనే మా అత్త తోడొచ్చింది.

ఆ ఊళ్ళో రెండు వీధులకు పంతం. ఏ వీధి మైకు ఎక్కువ దూరం వినిపిస్తే ఆ వీధిదే గొప్ప, అందులో ఏం పాడుతున్నారో ఎవరికీ పట్టదు. మన వయసువాళ్ళు ఇలాంటి పంతాలు చూసే ఉంటారు. అవతలివాళ్ళు మాకంటే పెద్ద సెట్టు దించారు. మమ్మల్ని పిలిపించిన వీధి పెద్దాయన రొప్పుతూ వచ్చి, "ఏందిమ్మా, వాళ్ళది ఊరంతా ఇనపడ్తా ఉంటే మీది యాడ? ఇంకా తిప్పు!" అని మీదపడ్డాడు.

కొంచెం తిప్పానో లేదో పెట్టె గరగరమంది. ఏ ఆంప్లిఫయరూ తన శక్తికి మించి సౌండు ఇవ్వదు. ఆపైన ఎంత తిప్పినా పెరిగేది పాట కాదు, రొద. ఆ రొదకు పెట్టెలోని తీగచుట్ట వేడెక్కి మాడిపోతుంది, ముందు అదురుతూ మోగే కాగితం చిరుగుతుంది. చుట్టూ అంతమంది మగవాళ్ళు అరుస్తున్నా వాల్యూం వెనక్కే తిప్పాను. ఇక చూడాలి ఆ గోల! అప్పుడు, దారంతా నన్ను సాధించిన మా అత్తే కొంగు నడుముకు దోపి ఆంప్లిఫయరుకు అడ్డంగా కూర్చుంది. "నా కోడలు చాలంటే చాలు. దాని మీద చెయ్యి పెట్టి చూడండి, తెలస్తాది!"

ఆ సందులో నేను నేలమీదున్న పెట్టెల్ని బల్లలెక్కించి జనం వైపు తిప్పించాను, దడదడలాడే బేసు తగ్గించాను. అంతే, మా మైకు ముందు కూర్చుని అమ్మవారి మీద పాడుతున్న ముసలామె గొంతు మాట మాటా తేటగా వచ్చింది. అరిచినవాళ్ళే ఒక్కొక్కరుగా చతికిలబడ్డారు. కాసేపటికి అవతలి వీధి ఆడవాళ్ళు కూడా చాపలు చంకన పెట్టుకుని మా వైపు చేరారు. పెద్దాయన దగ్గరికొచ్చి మెల్లగా, "మాట తెలస్తా ఉందమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళకూ తలచుకుంటే ఛాతీ పొంగుతుంది, పొంగనీయండి!

ఆ తర్వాత మైకు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది, అక్క వస్తుందా అనే. ఇప్పటి పెద్ద యంత్రాలు తమంతట తామే సౌండు తగ్గించుకుని పెట్టెల్ని కాపాడుకుంటాయట. మంచిదే, ఎవరి బతుకుదెరువూ మాడిపోదు. కానీ పక్కన కూర్చుని, చెవొగ్గి విని, ఇక చాలు అని చెప్పడానికి ఇప్పుడు ఎవరూ మనిషిని పిలవరు. మా కాలంలో ఆ మనిషి కోసం కబురు పంపేవారు. ఆ మనిషిని నేను.