దాణా పొయ్యిలో టాప్ లింకు

ఈమధ్యే అక్షరాలు నేర్చుకుని ఇది రాస్తున్నాను. మాది హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురలో పాలమ్మే ఇల్లు. తొంభైల చివర్లో, మా ఆయన చనిపోయిన ఏడాది, ఊరవతల జల్‌పల్లిలో మా గడ్డి మడి దున్నే వేళకు మా చిన్న ట్రాక్టర్ మొరాయించింది. బర్రెలతోపాటు దాన్నీ రోజూ కడిగేవాళ్లం. ఆ తడికి, నాగలి వాలు సరిచేసే టాప్ లింకు, అదే రెండు కొసలా మరలుండే ఇనుప గొట్టం, తుప్పుపట్టి తిరక్కుండా బిగుసుకుపోయింది.

"బండి, బర్రెలు అన్నీ అమ్మేద్దాం వదినా. నీతోని ఏమైతది?" అన్నాడు మరిది.

"నా బర్రెల ముచ్చట నీకెందుకు?" అని లింకు ఊడదీసి, దాణా ఉడికించే పిడకల పొయ్యిలో పెట్టాను.

"పిచ్చి లేసిందా? పేల్తది!" అంటూ అతను వీధిలోకి ఉరికాడు.

ఎర్రగా కాలాక పట్టకారుతో తీసి, రాళ్ల మధ్య ఇరికించి, గొట్టం నడుమ ఉన్న చిల్లులో గునపం దూర్చి ఒంటి బరువంతా వేశాను. కీచుమని తిరిగింది.

"మరి నడిపేదెవరు?" అన్నాడు మరిది, వీధిలోంచి తిరిగొచ్చి.

"పక్కన కూసో, చూపిస్త."

నేను దున్నిన వంకర చాళ్లు చూసి అందరూ నవ్వారు. నవ్వనీ, గడ్డి మాత్రం తిన్నగానే మొలిచింది.